సప్లై చెయిన్ బొమ్మలో మొదటి గడి ఖాళీగా ఎందుకుంది?

పోస్టు పెద్దదే. అన్నం తిన్నాకైనా చివరి దాకా చదవండి, సగం చదివి కామెంట్ పెట్టకండి.

పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఇప్పుడు పోస్ట్ డాక్టరల్ పరిశోధన నడుస్తున్న విషయాల్లో మాస్ టింబర్ ఒకటి. పోస్ట్ డాక్ అంటే పీహెచ్‌డీ కూడా అయిపోయాక జీతం తీసుకుంటూ చేసే పరిశోధన. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిందే మేం మొదలు, కాబట్టి ఈ మాటలన్నీ విడమరిచే రాస్తాం. మాస్ టింబర్ అంటే కలప పలకల్ని ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చి, జిగురు పెట్టి నొక్కి, గోడంత దిమ్మెలు చేసి మేడలు కట్టడం. 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో మొదలైంది. 2019లో నార్వేలో మ్యోస్టోర్నెట్ అనే 18 అంతస్తుల బిల్డింగు లేచింది, ఎత్తు 85.4 మీటర్లు. 2022లో అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల అసెంట్ దాన్ని దాటింది. ఎందుకింత ఆరాటం అంటే, ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. ఎండిన కలప బరువులో సగం కార్బన్. దాన్ని గోడలో పెడితే గాలిలోకి పోకుండా ఉంటుందని లెక్క.

ఆ లెక్కతో మాకు గొడవ లేదు. చెట్టు నరకడమే పాపం అనే సిటీ వాళ్ల మాట మాది కాదు. నిట్టాడి, వాసాలు, వెదురు తడిక, మట్టి పూత, ఇదే కదా మన తాతల ఇల్లు. దాన్నే సర్కారు కాగితాల్లో 'కచ్చా ఇల్లు' అని రాసి, సిమెంటు స్లాబు వేస్తేనే 'పక్కా' అన్నారు. ఎండాకాలం ఆ స్లాబు కింద పడుకున్నవాళ్లకి తెలుసు పక్కా అంటే ఏంటో. ఇప్పుడు యూరప్‌లో కలప ఇంట్లో ఉండటం గొప్ప. సరే, కానివ్వండి.

మేం కొట్లాడేది లెక్క ఎక్కడ మొదలవుతుంది అన్నదాని మీద. సప్లై చెయిన్ బొమ్మలు చూడండి. మొదటి గడిలో 'అడవి' అనో 'ముడి సరుకు' అనో ఉంటుంది. బాణం గుర్తు. తర్వాత కోత మిల్లు, ఫ్యాక్టరీ, ఓడ, కట్టుబడి. మిల్లుకి ఓనరున్నాడు, ఓడకి ఓనరున్నాడు. మొదటి గడిలో మాత్రం మనిషి లేడు. దుంగ ఎన్ని క్యూబిక్ మీటర్లో ఉంటుంది, అది ఎవరి నేలలో పెరిగిందో ఉండదు. మేం చూసినంతలో చాలా బొమ్మలు ఇంతే.

అసెంట్ సంగతే తీసుకుందాం. అది ఉన్నది విస్కాన్సిన్ రాష్ట్రంలో, అడవులకి కొదవలేని చోటు. కానీ దాని దిమ్మెలూ దూలాలూ వచ్చింది ఆస్ట్రియా ఫ్యాక్టరీల నుంచి, సముద్రం దాటి. అదే విస్కాన్సిన్‌లో మెనోమినీ అనే ఆదివాసీ తెగ ఉంది. 1854 ఒప్పందంతో వాళ్లకి మిగిలిన అడవిలో అప్పట్నుంచీ చెట్లు కొడుతూనే ఉన్నారు. నియోపిట్ అనే ఊళ్లో వాళ్ల సొంత కోత మిల్లు వందేళ్ల పైబడి నడుస్తోంది. ఇన్నేళ్లు నరికాక కూడా 1854లో ఉన్నదాని కంటే ఇప్పుడు ఆ అడవిలో నిలిచున్న కలపే ఎక్కువ. ప్రపంచంలో ఫారెస్ట్రీ చదివేవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకుంటారు. అలాంటి తెగకి 1954లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి ప్రత్యేక గుర్తింపే తీసేసింది. కొట్లాడి కొట్లాడి 1973లో తిరిగి తెచ్చుకున్నారు.

మెనోమినీలని కావాలని పక్కన పెట్టారని మేం అనట్లేదు. అంత పెద్ద దిమ్మెలు చేసే ఫ్యాక్టరీ కావాలి, ఇంజనీరు నమ్మే సర్టిఫికెట్ కావాలి, అవి ఆస్ట్రియాలో ముందు నుంచీ ఉన్నాయి. మా పాయింటే అది. ఈ చెయిన్‌లో డబ్బు అడవి ఉన్నచోట ఆగదు, ఫ్యాక్టరీ, జిగురు, సర్టిఫికెట్ ఉన్నచోట ఆగుతుంది. తునికాకు ఏరిన ఎవరికైనా ఇది కొత్త సంగతా? యాభై ఆకుల కట్ట కట్టి కల్లంలో పోసేది మన అమ్మలు. దాని మీద మేడ కట్టింది ఎవరు?

స్వీడన్‌లో సామీ ప్రజల కథ ఇంకోలా ఉంటుంది. వాళ్ల దుప్పులు చలికాలం నేల మీద పెరిగే లైకెన్ తిని బతుకుతాయి. ఆ లైకెన్ ఉన్న అడవి 60 ఏళ్లలో 71 శాతం తగ్గిపోయిందని అక్కడి పరిశోధకులే లెక్క తేల్చారు. మొత్తం నరికి, మళ్లీ ఒకే రకం నాటితే లెక్కలో అడవి అడవే. దుప్పికి మాత్రం కాదు. మనకి జామాయిల్ తోట చూస్తే అర్థమయ్యేది ఇదే. కాగితం మీద పచ్చదనం, కింద గడ్డి మొలవదు, ఇప్పపువ్వు రాలదు, తేనె లేదు.

ఇక మన దగ్గర. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం మీద మనకి యాజమాన్యం ఇచ్చింది. అందులో వెదురు ఉంది. కలప లేదు. అంటే రేపు మన దేశంలో మాస్ టింబర్ గిరాకీ పెరిగితే, మొదటి గడిలో మన పేరు చట్టప్రకారమే ఉండదు. 2016 పరిహార అటవీకరణ నిధి చట్టంతో మొక్కలు నాటడానికి డబ్బుంది, నాటడానికి నేల కావాలి. ఆ నేల ఏదో పోడు చేసుకునేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పుడు కూడా అడవిని కాపాడటానికే అన్నారు. ఆ తర్వాత 1922లో రంప ఎందుకు లేచిందో చిన్నప్పుడే చదువుకున్నాం.

యూరప్ 2023లో ఒక చట్టం చేసింది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన సరుకు వాళ్ల మార్కెట్లోకి రాకూడదు. పండిన చోటు మ్యాప్ పాయింట్లతో చూపించాలి, ఆ దేశ చట్టప్రకారం పండి ఉండాలి. ఆ జాబితాలో కలప ఉంది, మన పాడేరు, అరకు కాఫీ కూడా ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ పట్టా చేతికి రానివాడు చట్టప్రకారం పండించానని ఏ కాగితం చూపించాలి? తరతరాలుగా అక్కడే ఉన్నా వాడి పాయింటు మ్యాపులో ఎర్రగానే కనిపించొచ్చు. ఇలాంటివి పరిశోధకులు అడగాలి. ఓడ ఖర్చు, కార్బన్ లెక్క పక్కనే ఇంకో కాలమ్ పెట్టాలి: నేల ఎవరిది, గ్రామసభ ఒప్పుకుందా లేదా.

'ఇవన్నీ పెద్దోళ్ల చదువులు, మనం గ్రూప్-4కి ప్రిపేర్ అవుదాం' అనే అన్నలకి ఒక మాట. ప్రిపేర్ అవ్వండి, వద్దనం. మా హాస్టల్‌లో పప్పు నీళ్లలా ఉన్నా రాత్రి రెండింటి దాకా చదివేవాళ్లు ఉన్నారు, మేం కూడా. కానీ ఆ కాలమ్ మన తరఫున ఇంకెవరో వచ్చి పెడతారని కూర్చుంటే వాళ్లు పెట్టరు. ఫారెస్ట్రీ, సివిల్, జియోగ్రఫీ, మ్యాపుల కోర్సు, ఇవీ మనవే. ఏ చెట్టు ఎన్నేళ్లకి చేవ పడుతుందో, ఏ నెలలో కొడితే వెదురుకి పురుగు పట్టదో తాత దగ్గర నేర్చుకున్న పిల్లలు మనం. ఆ చదువుకి సర్టిఫికెట్ లేదంతే.

గడ్చిరోలిలోని మెండా లేఖ గోండు ఊరు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది, ఊరే వెదురు అమ్మింది. మొదటి గడిలో ఊరి పేరు రాయించుకోవడం అంటే ఇది.

సెలవులకి ఇంటికెళ్తున్నవాళ్లు మీ గ్రామసభ ఫారం-సి పెట్టిందో లేదో కనుక్కోండి. పెట్టకపోతే హద్దుల మ్యాపు గీయడం దగ్గర మొదలుపెట్టండి. చెట్లు, వాగులు, దేవుడి గుట్టలు పెద్దవాళ్లే చూపిస్తారు, ఫోన్‌లో పాయింట్లు మనం తీసుకుంటే చాలు. మా రూములో నలుగురం మా రెండు ఊళ్లకి చేస్తున్నాం. ఎలా తీయాలో తెలియనివాళ్లు కింద ఊరి పేరు, మండలం రాయండి, ఆదివారం కూర్చుని ఒక్కొక్కరికీ చెప్తాం.