జనరుచిపై మోపిన నింద

బహుమతులందిన చిత్రములు మన సినిమాహాళ్లకు రావేమని యడిగినచో, 'జనులకు రుచింపవు' అని వ్యాపారులు బదులు చెప్పుచున్నారు. ఈ నిందను మే మంగీకరింపము. 1980లో 'శంకరాభరణము' విడుదలైన తొలిదినములలో హాళ్లు దాదాపు శూన్యముగా నుండెను. చూచినవారు చెప్పగా విని తక్కినవారు తండోపతండములుగా వచ్చిరి. ఆ చిత్రమే జాతీయ పురస్కారమును గూడ పొందెను. నేడో, మొదటి మూడు దినముల వసూలే చిత్రముయొక్క ఆయువును నిర్ణయించుచున్నది. 2024లో కాన్ ఉత్సవమున గ్రాండ్ ప్రీ పొందిన పాయల్ కపాడియా చిత్రము 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కును స్వదేశమున కొలది హాళ్లే లభించెను. ప్రకటనలకు ధనములేని చిత్రమునకు నోటిమాటయే ప్రకటన. ఆ మాట ఊరిలో వ్యాపింపకమునుపే చిత్రమును తొలగించి, ప్రేక్షకులు రాలేదనుట న్యాయమా? వడ్డన ముగియకమునుపే విస్తరి లాగివేసి, అతిథికి ఆకలి లేదనుట యెట్టిదో యిదియు నట్టిదే. అయ్యలారా! అట్టి చిత్రమునకు ఒక్క సాయంకాలపు ఆటను రెండు వారములు నిలుపుడు. పిమ్మట జనరుచిని నిందింపుడు.