బిట్లు వచ్చినవారికి బోధన వచ్చినట్లేనా?



ఉపాధ్యాయులు కాదలచిన యువత నేడు బోధనను అభ్యసించడం లేదు, బిట్లను అభ్యసిస్తున్నది. ఈ మాట కొందఱికి కటువుగా తోచవచ్చు. తోచనీ. జీవితంలో అధికభాగం సుద్దముక్క చేతబట్టి గడిపినవాణ్ణి. ఈ విషయంలో మొహమాటపడే వయసు దాటిపోయింది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని ననుసరించి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న ఉపాధ్యాయుల కనీసార్హతలను ప్రకటిస్తూ అర్హత పరీక్షను, అనగా మన ‘టెట్’ను, విధించింది. 2011 ఫిబ్రవరిలో దాని స్వరూపాన్ని నిర్ణయించింది. ప్రశ్నలు 150, మార్కులు 150. ప్రతి ప్రశ్నకూ నాలుగు సమాధానాలు ఇస్తారు, ఒకటి సరైనది. ఉత్తీర్ణతకు సామాన్యంగా 60 శాతం రావాలి. మన తెలుగు రాష్ట్రాలలో వ్యవధి రెండున్నర గంటలు, అంటే ప్రశ్న కొక నిమిషం. ఇందులో ‘శిశువికాసం, బోధనశాస్త్రం’ అనే విభాగానికి 30 మార్కులు.

ఉద్దేశం మంచిదే. పిల్లలు ఎట్లా నేర్చుకొంటారో ఎఱిగినవాడే బడిలో అడుగు పెట్టాలన్నది ఎవరు కాదనగలరు? నా వివాదం ఉద్దేశంతో కాదు, కొలబద్దతో.

అవనిగడ్డ మొదలు దిల్‌సుఖ్‌నగర్ దాకా శిక్షణ కేంద్రాలలో జరుగుతున్న సన్నాహాన్ని చూడండి. పియాజే చెప్పిన దశలు నాలుగు. ఇంద్రియచాలక దశ, పూర్వప్రచాలక దశ, మూర్తప్రచాలక దశ, అమూర్తప్రచాలక దశ. ఏ దశ ఏ వయసు వరకు, ఏ భావన ఏ దశలో అంటూ అభ్యర్థి నిద్రలో లేపి అడిగినా అప్పజెపుతాడు. పియాజే మహాశయుడు ఆ సిద్ధాంతానికి పునాది వేసుకొన్నది ఏ బిట్ బ్యాంకునూ వల్లెవేసి కాదు. తన ముగ్గురు బిడ్డల ఆటలను, తప్పులను, ప్రశ్నలను ఏండ్ల తరబడి గమనించి వ్రాసుకొన్నాడు. పిల్లవాణ్ణి చూచి పుట్టిన శాస్త్రాన్ని, పిల్లవాడి ముఖం చూడకుండా కంఠస్థం చేయిస్తున్నాము. ఇంతకంటె వైపరీత్య మేమున్నది?

మఱి బడిలో ఎదురయ్యే ప్రశ్న లెటువంటివి? ఇంట్లో కోయ భాషో సవర భాషో మాట్లాడే పిల్లవాడు ఒకటవ తరగతిలో తెలుగు వాచకం ముందు మూగబోయి కూర్చుంటాడు. వాడితో తొలి మాట ఏ భాషలో పలకాలి? ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులూ ఒకే గదిలో ఉంటాయి. మూడవ తరగతికి గుణింతం దిద్దిస్తూ అయిదవ తరగతికి భాగహారం నడిపించడ మెట్లా? ఒత్తు పలకలేని అమ్మాయిని చూచి తరగతి నవ్వితే, ఆ నవ్వును ఎట్లా ఆపాలి? ఆ పిల్లచేత మరునాడు మళ్ళీ నోరు ఎట్లా విప్పించాలి? వీటికి నాలుగు సమాధానాలు లేవు. ఒక్కొక్కప్పుడు ఒక్కటీ ఉండదు, వెదుక్కోవాలి. ఆ వెదకడమే బోధన.

భాషోపాధ్యాయుల గతి మఱీ విచిత్రం. 2011 నాటి స్వరూపం ప్రకారం, ఉన్నత తరగతులకు తెలుగు చెప్పదలచినవాడు గణిత విజ్ఞానశాస్త్రాలలోనో సాంఘికశాస్త్రంలోనో 60 మార్కులకు వ్రాయాలి. తాను బోధించవలసిన తెలుగుకు 30. సంధులు, సమాసాలు, ఛందస్సు చదివి పండిత శిక్షణ పొందినవాణ్ణి ఖనిజాలు, ఖండాల లెక్కతో తూచడం ఏ న్యాయం? ఆంధ్రప్రదేశ్ తరువాత భాషోపాధ్యాయులకు ఆ 60 మార్కులూ భాషలోనే పెట్టి ఈ అపసవ్యాన్ని సవరించుకొన్నది. మూలంలోనే ఆ సవరణ ఉండవలసింది.

ఒక ఆక్షేపణ వస్తుందని ఎఱుగుదును. “బహుళైచ్ఛిక ప్రశ్నలలో సిఫారసుకు తావు లేదు. ముఖాముఖీలు పెడితే మళ్ళీ పైరవీలే” అని. ఇది కొట్టివేయదగిన మాట కాదు. అండదండలు లేని పేదయింటి బిడ్డ కేవలం మార్కులతో ఉద్యోగం సంపాదించగలుగుతున్నా డంటే ఆ ఘనత ఈ పద్ధతిదే. కాబట్టి పరీక్షను ఎత్తివేయమని నేననను. దానిని జల్లెడగా ఉంచండి, త్రాసుగా వాడకండి అంటాను. పేరు అర్హత పరీక్ష. కాని నియామకాల్లో ఈ మార్కులకు 20 శాతం విలువ ఇచ్చేసరికి, ఉత్తీర్ణులైనవారు కూడా నాలుగు మార్కుల కోసం మళ్ళీ మళ్ళీ వ్రాస్తున్నారు. బడిలో గడపవలసిన యౌవనం గైడ్ల మధ్య కరిగిపోతున్నది.

2014 నిబంధనలు బి.ఎడ్.ను రెండేండ్ల కోర్సు చేసి 20 వారాల పాఠశాలానుభవాన్ని అందులో చేర్చాయి. ఆ 20 వారాలకు అర్హత పరీక్షలో ఒక్క మార్కైనా లేదు. ఫలితం మీరే ఊహించుకోండి. నేను కొలువులో ఉన్న రోజులలో మా బడికి వచ్చిన ఛాత్రోపాధ్యాయులు కొందఱు శ్రద్ధగా పాఠాలు చెప్పారు. మఱికొందఱు పాఠ్యప్రణాళికల రికార్డు మీద సంతకం చాలునన్నారు. తప్పు వారిది మాత్రమే కాదు. లెక్కలోకి రాని పనికి ఎవరు చెమటోడుస్తారు?

ఇక 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలియున్న ఉపాధ్యాయులు, ఈ పరీక్ష పుట్టకముందే కొలువులో చేరినవారైనా, రెండేండ్లలో దీనిని గట్టెక్కవలసిందే. లేదా నిర్బంధ పదవీ విరమణ. చట్టాన్ని న్యాయస్థానం ఎట్లా అన్వయించిందో ఆక్షేపించే పాండిత్యం నాకు లేదు. అయితే ఇరువదేండ్లు తరగతిగదిలో నిలిచిన ఉపాధ్యాయురాలి సామర్థ్యం తెలియాలంటే ఆమె తరగతిలో వెనుక బల్లమీద ఒక పూట కూర్చుంటే చాలదా? ఆమె ఇప్పుడు రాత్రుళ్ళు బిట్లు చదువుతున్నది. మరునాటి పాఠానికి సిద్ధం కావలసిన రాత్రులవి.

మార్గం లేకపోలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఉపాధ్యాయ నియామకంలో తరగతిగది ప్రదర్శన గాని ముఖాముఖి గాని అంతర్భాగం కావాలన్నది. స్థానిక భాషలో బోధించగల నేర్పును పరిశీలించాలన్నది. కాగితం మీది ఆ మాటను బడిలోకి తేవాలి. పైరవీల భయమా? ముగ్గురు పరీక్షకులను వేఱే జిల్లాలనుండి రప్పించండి. పాఠాన్ని చిత్రీకరించి భద్రపరచండి. మార్కులకు కారణం వ్రాతమూలకంగా ఇవ్వమనండి. అభ్యర్థి అడిగితే ఆ చిత్రాన్నీ ఆ కారణాన్నీ చూపండి. కొలువులో ఉన్నవారి విషయంలోనైతే పరీక్ష వారి తరగతిలోనే, వారి పిల్లల ముందే జరగాలి. ఖర్చు అవుతుంది, కాలం పడుతుంది. నిజమే. కాని ఒక ఉపాధ్యాయుడు ముప్పైయేండ్లపాటు వేలమంది పిల్లలను తీర్చవలసినవాడు. వాణ్ణి ఎంచుకోవడానికి ఒక పూట కేటాయించలేమా?

ఈడత పోటీలో తీరం మీద కూర్చోబెట్టి నీటి లోతు ఎన్ని అడుగులని అడిగితే, సమాధానం చెప్పినవాడు ఈతగాడు కాడు. చదువరులలో ఉపాధ్యాయులూ, అభ్యర్థులూ ఉన్నారని తెలుసు. నాతో విభేదించేవారు నిర్మొహమాటంగా విభేదించండి. అయితే ముందుగా ఒక్కసారి ఏదైనా ఒక బడికి వెళ్ళి, ఒక గంటసేపు వెనుక బల్లమీద కూర్చుని, ఆ తరువాత వ్రాయండి.