మత్తు మాన్పుటకు సూదులు చాలునా?

బొంతపల్లి వీరభద్రస్వామి దర్శనమునకు బోవు యాత్రికునకు దారిపొడవున మందుల కర్మాగారముల ప్రహరీలే కానవచ్చును. పటాన్‌చెరువు మొదలు బొల్లారము, జిన్నారము, గుమ్మడిదలల మీదుగా బొంతపల్లివరకు వ్యాపించిన యీ సీమలో తయారగు ఔషధములు దేశదేశములకు బోవుచున్నవి. పరదేశపు రోగి కిక్కడి మందు దొరకుచున్నది. ఇక్కడి కూలివాని వ్యసనమునకు మందెక్కడ దొరకును?

ఈ ప్రశ్న యూరక పుట్టినది గాదు. తెలంగాణపు కల్లు కంపౌండులలో అనేకచోట్ల కుండలో నుండునది తాటికల్లును గాదు, ఈతకల్లును గాదు. నీళ్లలో అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేటు కలిపి అమ్ముచున్నారు. సంగారెడ్డి జిల్లాలోనే యీ అల్ప్రాజోలమును దొంగచాటుగా వండుచుండగా అధికారులు పట్టుకొన్న సందర్భము లొకటి రెండు గావు. పూర్వము కల్లుపాకల యెదుట నిలిచి లాఠీదెబ్బలు తిన్న దేశసేవకులు పోరాడినది కల్లుతో. నేడు కల్లుపేర నమ్ముచున్న విషమును వారు కలనైన నెరుంగరు. చెట్టెక్కి నిజమైన కల్లు దింపు గీతకార్మికుడు సైతము దీనివలన చెడుచున్నాడు.

2015లో ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా నరికట్టినప్పు డేమి జరిగెను? నిజామాబాదు, మెదకు, మహబూబునగరు జిల్లాలలో వేలకొలది జనులు చేతులు వణకుచు, మతి చలించి, మూర్ఛలు వచ్చి ఆసుపత్రులపాలైరి. ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాల క్రిక్కిరిసెను. 2025 జూలైలో కూకట్‌పల్లియందు కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణములే కోలుపోయిరి. కల్తీ సాగిన నొక యాపద. చికిత్స యేర్పాటు లేక హఠాత్తుగ నాపిన వేరొక యాపద.

ఇట్టి సమయమున సూదివైద్యముపై కొందరికి ఆశ గలుగుట సహజము. ఆ వైద్యమునకును మనకును బాంధవ్యము కలదు. 1938లో జాతీయ కాంగ్రెసు చీనాకు బంపిన ఐదుగురు వైద్యులలో కోట్నీసు 1942లో అక్కడనే కన్నుమూసెను. ఆయన సహచరుడు విజయకుమార బసు కొంతకాలమునకు మరల చీనాకేగి యీ విద్య నభ్యసించి వచ్చి కలకత్తాలో ప్రారంభించెను. లూధియానాలో కోట్నీసు పేర వెలసిన సూదివైద్యశాల మత్తుబానిసల చికిత్సను గూడ చేపట్టినది.

నల్లమందు వ్యసనమునకు సూదులు పనికివచ్చునన్న మాట 1972లో హాంకాంగున పుట్టెను. వెన్ అను శస్త్రవైద్యుడు నొప్పి తెలియకుండుటకై యొక రోగికి సూదులు గ్రుచ్చి విద్యుత్తు ప్రసరింపజేయగా, నల్లమందు మానినందువలని బాధయు తగ్గినట్లు రోగియే చెప్పెనట. పిమ్మట న్యూయార్కులో, 1970లో పేదజనులు పట్టుబట్టి సాధించుకొన్న లింకన్ ఆసుపత్రి చికిత్సాలయమున, చెవికి ఐదు సూదులు గ్రుచ్చు పద్ధతి స్థిరపడెను. పేదలు తమ చికిత్సను తామే పోరాడి తెచ్చుకొన్నారన్న యంశము మమ్ము సూదులకంటె నెక్కువ యాకర్షించుచున్నది.

గౌరవము వేరు, ప్రమాణము వేరు. కొకెయిన్ వ్యసనపరులు 620 మందిపై జరిగిన పరీక్షాఫలితములు 2002లో వెలువడెను. అసలు సూదులకును, చెవిలో వేఱుచోట గ్రుచ్చిన సూదులకును, ఊరక విశ్రాంతి నిచ్చుటకును భేదము కానరాలేదు. నల్లమందు జాతి మత్తులపై జరిగిన పరీక్షలు చిన్నవి. వాని ఫలితములు నిలకడలేనివి. మెథడోను, బుప్రెనార్ఫిన్ మందులు మాత్రము మరణములను తగ్గించునని రుజువైనది. ఆ చికిత్స పొందుచు మనశ్శాంతికై సూదులు గ్రుచ్చించుకొన్న నాక్షేపము లేదు. మందు మాని సూదులనే నమ్ముమనుట మాత్రము రోగిని వంచించుటయే.

బొంతపల్లి సీమకు సంబంధించిన ముఖ్యవిషయ మింకొకటి యున్నది. అల్ప్రాజోలము నల్లమందు జాతిది కాదు. నల్లమందు మానిన వాడు మిక్కిలి బాధపడునే గాని సాధారణముగా దానివలననే చావడు. చిరకాలము అల్ప్రాజోలము మ్రింగినవాడు ఒక్కసారిగా నాపినచో మూర్ఛలు వచ్చి ప్రాణమే పోవచ్చును. వైద్యుని కనుసన్నల మాత్ర కొలది కొలదిగా తగ్గించుకొనుచు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు గడుపవలెను. చెవికి గ్రుచ్చిన సూది మూర్ఛను నిలుపజాలదు.

కాన ప్రభుత్వమును మేము కోరునది స్పష్టము. కంపౌండుపై దాడి జరుగు దినముననే ఆ యూరికి వైద్యుడును పోవలెను. పటాన్‌చెరువు, సంగారెడ్డి సర్కారు ఆసుపత్రులలో వ్యసనరోగులకు ప్రత్యేకముగా పడకలు, మందులు, శిక్షితులైన నర్సులు నుండవలెను. రాత్రిషిఫ్టు చేసి వచ్చు కార్మికునికి వీలగు వేళల చికిత్స నీయవలెను. ఆ దినముల కూలి కోతపడకుండ యజమానులు చూడవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమందలి 64-ఎ సెక్షను, స్వయముగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి విచారణనుండి రక్షణ గల్పించుచున్నది. ఈ సంగతి తెలుగులో వ్రాయించి ప్రతి కర్మాగారపు గేటునొద్దను, ప్రతి కల్లు కంపౌండు గోడమీదను అంటింపవలయును. దానికి కావలసినది కొన్ని కాగితములును, కొంచెము జిగురును మాత్రమే.