మా తల్లుల నడుములు వంచిందెవరు?

బాన్సువాడ చుట్టుపక్కల ఏ మాలవాడకైనా, మాదిగవాడకైనా పోయి చూడండి. యాభై దాటిన అవ్వల్లో నిటారుగా నడిచేవాళ్లెందరు? ఒకామె గోడ పట్టుకుని లేస్తది. ఒకామె నాలుగడుగులేస్తే కాళ్లు తిమ్మిరెక్కి కూలబడతది, ముందుకు వంగి కూసుంటే కొంచెం నిమ్మళం. దవాఖానకు పోతే ఒక్కటే మాట: "వయసు మీద పడ్డది, అరుగుదల." నాలుగు గోలీలు రాసి పంపుతరు.

అరుగుదల నిజమే. వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులుంటయి. వయసుతో అవి ఎండి పలచబడతయి, కీళ్లు అరుగుతయి, నరాల దారి ఇరుకవుతది. యాభై దాటినంక ఒక పూస ముందుకు జారడం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. వంశపారంపర్యంగానూ వస్తది. దొరసానికి రాదని మేం అనడం లేదు. కాని ఆమెకు మంచముంది, పనిమనిషి ఉంది, స్కానింగు ఉంది. మనామెకు తెల్లారితే నాటుంది. వయసును ఎవరూ ఆపలేరు. వయసు రాకముందే నడుమును తీసుకుపోయే కారణాలను మాత్రం అడగవచ్చు.

మొదటిది పని. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ కింద వరి పండింది. నీళ్లొచ్చిన భూములెవరివో, ఆ బురదలో వంగిన నడుములెవరివో ఊరందరికీ తెలుసు. పొద్దంతా వంగి నాటు, వంగి కలుపు, తలమీద మోపు. వంగుడూ, బరువెత్తుడూ డిస్కు మీద ఒత్తిడి పెంచుతయని వైద్యమే చెప్తున్నది. గుత్తకు పట్టిన నాటులో నడుమెత్తితే కూలి పోయినట్టే. ఇంటికొచ్చినంక బీడీల చాట ముందు మళ్లీ వంగుడే. ఆడమనిషి ఎంత బరువెత్తాలో హద్దు పెట్టే అధికారం 1948 ఫ్యాక్టరీల చట్టం సర్కారుకిచ్చింది. పొలం గట్టు మీద ఆ హద్దు ఎవరు పెట్టిండ్రు?

రెండోది తిండి. చిన్నతనంలో పెండ్లి, వెంటవెంట కాన్పులు, పచ్చి బాలింతగానే కైకిలి. అందరూ తిన్నంక మిగిలిన మెతుకులు ఆమెకు. పాలూ పప్పూ లేని ఒంట్లో ఎముక గట్టిపడేదెట్ల?

మూడోది గర్భసంచి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశంలో నూటికి 3.3 మందికి గర్భసంచి తీసేస్తే, తెలంగాణలో 8.2 మందికి తీసేసిండ్రు. దాంతోపాటు అండాశయాలూ తీస్తే ముట్లు ఉడిగే వయసు ముందే వచ్చిపడతది, ఎముక గుల్లబారుతది. బీద ఆడవాళ్లకు, అందునా దళిత, ఆదివాసీ స్త్రీలకు అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లు చేస్తున్నరన్న కేసులో, వాటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ సంగతి మన వాడకు ఎవరు చెప్పిండ్రు?

ముసలితనపు పింఛను వయసును 2021లో సర్కారు 57కు తగ్గించింది. మంచిదే. నలభైకే నడుము పోయినామె ఆ పదిహేడేండ్లు ఏం తిని బతకాలె?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ చెప్పిందేమిటి? తల్లికి విశ్రాంతి కావాలె, ఆ ఖర్చు సర్కారూ, ఆమె శ్రమతో లాభపడే యజమానీ భరించాలె అని. కాన్పుకు వర్తించిన న్యాయం నడుముకు వర్తించదా?

అందుకే అడుగుదాం. నడుము నొప్పని వచ్చిన ఆడమనిషిని డాక్టరు "ఏం పని చేస్తవమ్మా" అని అడిగి చీటీ మీద రాయాలె. ఎముకల పరీక్ష, కసరత్తు నేర్పే మనిషి బాన్సువాడ సర్కారు దవాఖానలోనే దొరకాలె. రెండో డాక్టరును అడగకుండా గర్భసంచి తీయనియ్యొద్దు. గుత్త నాటులోనూ విశ్రాంతి గంటకు కూలి కట్టాలె.

మన చేతిల ఉన్నది మనం చేద్దాం. బీడీ తాగుడు మానుదాం, ఆడబిడ్డకు ముందు అన్నం పెడదాం. ఉచ్చ పట్టు తప్పినా, తొడల సందున స్పర్శ పోయినా, కాలు చచ్చుబడినా తెల్లారేదాక ఆగకుండా పెద్ద దవాఖానకు తీసుకుపోదాం.

అవ్వలారా, అక్కలారా! వయసు పేరు చెప్పి మీ కష్టాన్ని కొట్టిపారేస్తే ఊకోకండి. మీరు వంగితేనే ఈ ఊరు అన్నం తిన్నది. ఆ బాకీ అడిగే హక్కు మీది.