ఏకగ్రీవము ఎవరిది?

పంచాయతీ ఎన్నికల ప్రకటన వెలువడినది మొదలు ఒక మాట పల్లెపల్లెనా వినవచ్చును: 'మా ఊరు ఏకగ్రీవము.' ఆ మాట పలుకునప్పుడు పెద్దల ముఖములలో తృప్తి తొణికిసలాడును. పోలీసు బందోబస్తు అక్కరలేదు. సారా పంపకములు లేవు. తలలు పగులుట లేదు. ఊరంతయు ఒక్కమాటపై నిలిచినది. పత్రికలు ఆ ఊరి పేరును మెచ్చుకోలుగా ప్రకటించును. ప్రభుత్వములు పారితోషికము లిచ్చును.

ఏకగ్రీవ మనగా ఒకే మెడ కలది యని అర్థము. అన్ని తలలకును ఒకే మెడ యుండుట భాషలో చెల్లును గాని గ్రామములో ఎవరి మెడ వారిదే. అందు కొన్ని నిటారుగా నిలువగలవు. కొన్ని వంగియే బ్రతుకవలెను. కావున ఒక ఊరు ఏకగ్రీవమైనదని విన్నప్పుడు, ఆ మెడ ఎవరిదని విచారించుట అనుచితము కాదు.

ఏకగ్రీవమును కోరువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. గ్రామమున జరుగు ఎన్నిక శాసనసభ ఎన్నిక వంటిది కాదు. ఇచ్చట గెలిచినవాడును, ఓడినవాడును మరునాడు ఒకే తూము వద్ద నీటికి నిలువవలెను. ఒకే గట్టు వెంట నడువవలెను. ఎన్నికలో పుట్టిన పగ పెండ్లి పిలుపులలో సైతము తలయెత్తును. రాయలసీమ పల్లెలలో ముఠాకక్షలు ఎన్ని సంసారములను కూల్చినవో ఎరిగినవారు, ఎన్నిక తప్పిన చాలునని తలచుటలో వింత లేదు. పోటీలో చేతిసొమ్ము కరగించినవాడు పదవిలో దానిని రాబట్టుకొన జూచుననుటయు అబద్ధము కాదు.

అయితే ఆ ఒక్కమాట ఎట్లు కుదురుచున్నదో చూడవలెను. నామినేషనుల ఉపసంహరణకు గడువు ముగియు ముందు రాత్రి, ఏ పెద్దయింటి అరుగుమీదనో, ఏ గుడి మంటపములోనో నలుగురు చేరుదురు. అచ్చట కూర్చున్నవా రెవరు, నిలుచున్నవా రెవరు, అసలు పిలుపే అందనివా రెవరు అను మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచో ఆ ఊరి రాజకీయ మంతయు తెలిసినట్లే. పోటీకి దిగదలచినవాడు పెద్దరైతు పొలమును కౌలుకు చేయుచుండవచ్చును. వాని అన్న ఆ పెద్దరైతు ట్రాక్టరు నడుపుచుండవచ్చును. కూతురి పెండ్లికి తెచ్చిన అప్పు నోటు ఆయన బీరువాలో నుండవచ్చును. వానిని ఎవ్వరును బెదిరింప నక్కరలేదు. 'ఏమిరా, ఊరి మంచి నీకు పట్టదా?' అని నవ్వుచు ఒక్కమాట అనిన చాలును. మరుసటి యేడు పొలము దక్కునో దక్కదో యను తలపే వానిచేత కాగితముపై సంతకము చేయించును. తెల్లవారిన పిమ్మట అది ఊరి ఐకమత్యముగా లోకమునకు వెల్లడియగును.

గ్రామ స్వపరిపాలన ప్రస్తావన వచ్చినప్పుడు పలువురు ఉత్తరమేరూరు శాసనమును స్మరింతురు. కాంచీపురమునకు చేరువనున్న ఆ ఊరిలో, మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 920 ప్రాంతమున, అర్హుల పేర్లను తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి, బాలునిచే తీయించు పద్ధతి యుండెను. పదవిలో నుండి లెక్కలు అప్పగింపనివానికిని, వాని దగ్గరి బంధువులకును మరల అవకాశము లేదు. నేటి పంచాయతీలు నేర్వదగిన నియమమే యిది. కాని ఆ కుండలో పేరు పడవలెనన్న పన్ను చెల్లించు సొంత భూమియు, సొంత ఇల్లును, వేదశాస్త్ర పరిచయమును ఉండవలెను. అది బ్రాహ్మణులకు దానమిచ్చిన అగ్రహారము. చీటీ తీయు పద్ధతి న్యాయమైనదే. కుండ మాత్రము చిన్నది.

1830లో మెట్కాఫ్ అను ఆంగ్లేయాధికారి భారత గ్రామములను చిన్న గణరాజ్యములని కొనియాడెను. రాజ్యాంగసభలో 1948 నవంబరు 4న అంబేద్కరు ఆ పొగడ్తను నిర్మొహమాటముగా త్రోసిపుచ్చి, గ్రామము అజ్ఞానమునకును, సంకుచిత దృష్టికిని నెలవనెను. అదే నెలలో కె. సంతానం ప్రతిపాదించిన సవరణ ననుసరించి గ్రామ పంచాయతీలను నెలకొల్పవలెనను ఆదేశము రాజ్యాంగములో చేరి 40వ అధికరణమైనది. ఈ రెండు తలంపులును నేటికిని చెల్లినవి కావు. గ్రామమునకు అధికారము కావలెను. అయితే గ్రామము నుండి కొందరికి రక్షణయు కావలెను.

బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో సమర్పించిన నివేదిక ఫలితముగా, 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులోను, అదే నెలలో మన షాద్‌నగరులోను నెహ్రూ పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము జరిపెను. అధికారము ఢిల్లీ నుండి పల్లెకు దిగినది. పల్లెలో ఎవరి యింట దిగినదని అడిగినచో, చాల తావుల భూమియు, అప్పు ఇచ్చు చేయియు అంతకుముందే ఉన్నవారి యింటనే యని చెప్పవలసి వచ్చును. తరతరములుగా లెక్కలను గుప్పిట పెట్టుకొనిన కరణము, మునసబు ఉద్యోగములు 1984లో రద్దయినవి. 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ షెడ్యూల్డు కులములకును, తెగలకును జనాభాను బట్టియు, స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ కాకుండను స్థానములను ప్రత్యేకించినది. 2013 ఎన్నికల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో స్త్రీల వాటా సగమైనది. చట్టము ఆ పాత కుండను పెద్దది చేసినది.

కుండ పెద్దది కాగానే దానిని బోర్లించు ఉపాయములును పుట్టినవి. పొరుగున తమిళనాట మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం అను గ్రామములు కలవు. 1996లో వాని అధ్యక్ష పదవులు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినవి. పదేండ్లపాటు అచ్చట ఎన్నిక సవ్యముగా సాగలేదు. నామినేషను వేయుటకు ఎవ్వరును ముందునకు రారు. ఎవరైన ఎన్నికయైనచో వెంటనే రాజీనామా ఇత్తురు. 2006లో గాని ప్రభుత్వపు పట్టుదలతో ఆ పీఠములు నిండలేదు. బలిసినవారి ఒక్కమాటకు చట్టము ఇచ్చిన పీఠమును సైతము ఖాళీగా నుంచగల శక్తి కలదనుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు.

ఈ శక్తి దుర్మార్గుల చేతిలోనే యుండునని తలచుట పొరపాటు. కాళీపట్నం రామారావు రచించిన 'యజ్ఞం' కథలో తీర్పు చెప్పు పెద్ద దుష్టుడు కాడు. ఊరికి మేలు చేసినవాడు, పదిమంది మన్నన పొందినవాడు. అప్పు తీర్చవలెననుట అందరికిని ధర్మముగనే తోచును. సభలో పెద్దలందరు ఒకవైపు నిలిచిన ఆ ధర్మమే ఒక పేద కుటుంబమును దాస్యపు అంచునకు నెట్టును. ఆ కథ ముగింపు చదివినవారు మరువలేరు. మంచివారి ఏకాభిప్రాయమైనను, అందు నోరులేనివాని మాటకు చోటు లేనప్పుడు ఎంత క్రూరము కాగలదో ఆ రచయిత చూపెను.

ఇట్టి స్థితిలో ప్రభుత్వమే ఏకగ్రీవమునకు వెల కట్టుట తగునా? 2021 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుండి 20 లక్షల రూపాయల వరకు ప్రకటించినది. తెలంగాణములోను ఇట్టి ప్రోత్సాహకములు ప్రకటింపబడినవి. ఆ సొమ్ముతో రోడ్డు పడవచ్చును, మురుగు కాలువ రావచ్చును. కాని పోటీ చేయదలచిన పేదవానిపై అది మరియొక బరువు. 'నీ ఒక్కనివలన ఊరికి ఇన్ని లక్షలు పోవుచున్నవి' అని పదిమందియు వేలెత్తి చూపుదురు. ఓటరు హక్కును వినియోగించిన ఊరికి లేని బహుమానము వినియోగింపని ఊరికి దక్కుట ఏమి న్యాయము?

ఈ వెల అధికారికమైనది. అనధికారికమైన వెలయు కలదు. సర్పంచి పదవిని గుడి పేరిట వేలమువేసి, హెచ్చుపాట పాడినవానికి కట్టబెట్టిన వార్తలు పంచాయతీ ఎన్నికల వేళ రెండు తెలుగు రాష్ట్రములలోను వచ్చుచున్నవి. సొమ్ము దేవునికి చెందినదను మాటతో తప్పు ఒప్పు కాదు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి గ్రామములలో ఇట్టి వేలము జరిగినందున, 2021 జనవరిలో ఆ రాష్ట్ర ఎన్నికల సంఘము అచ్చటి ఎన్నికలను రద్దుచేసినది. అనుసరింపదగిన మార్గమది.

ఏకాభిప్రాయము ఎల్లప్పుడును కపటమే యనుట కాదు. వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లి ప్రజలు తాగునీరు, పారిశుద్ధ్యము మొదలగు పనులకు వేరువేరు కమిటీలు ఏర్పరచుకొని, బాధ్యతను ఇంటింటికి పంచుకొని దేశమునకు మేలుబంతి యైరి. అచ్చటి ఐకమత్యము పలువురు కూర్చుండి మాటలాడిన పిదప కలిగినది. ఒకరి అరుగుమీద ఒక్క రాత్రిలో కలిగినది కాదు. చర్చ పిదప వచ్చిన మౌనము సమ్మతి. చర్చకు ముందే వచ్చిన మౌనము భయము. ఈ భేదమును గుర్తించుటయే ప్రభుత్వముల పని.

అందుకు చేయవలసినవి అసాధ్యములు కావు. ఏకగ్రీవమునకిచ్చు నగదును మాని, గ్రామసభలను సక్రమముగా జరిపి లెక్కలను బహిరంగముగా చదివి వినిపించు పంచాయతీలకు ఆ సొమ్ము నీయవచ్చును. ఒక్కడే అభ్యర్థి మిగిలిన చోట సైతము రహస్యముగా ఓటర్ల సమ్మతిని అడుగవచ్చును. అన్నింటికంటె ముఖ్యము కౌలుదారుని భద్రత. ఉమ్మడి రాష్ట్రములో 2011లోను, ఆంధ్రప్రదేశములో 2019లోను కౌలురైతుల కొరకు చట్టములు వచ్చినవి. రెండవ దానిలో భూయజమాని సంతకము లేనిదే కౌలుదారునికి పత్రము లేదు. అరకకు ఒకరి సంతకమును వేడుకొనవలసినవాడు, ఎన్నికలో ఆయన మాట నెదిరించుట ఎట్లు?

బ్యాలెట్టు పెట్టె యొద్ద తెర కట్టుట, ఎవరి మెడ ఎటు తిరిగినదో ఎవరికిని తెలియరాదనుటకే. ఆ తెర చాటున కౌలుదారుడును, కూలివాడును, వాని భార్యయు ఐదేండ్ల కొకసారి పెద్దరైతుతో సమానులగుదురు. ఊరి మంచి పేరిట ఆ ఒక్క క్షణమును వారినుండి తీసికొనుట మంచి కాదు. పోటీ జరిగి, నలుగురు అలిగి, నెల గడచిన పిమ్మట తూము వద్ద మరల పలుకరించుకొను ఊరే, ఎన్నడును నోరు మెదపని ఊరికంటె ఆరోగ్యవంతమైన ఊరు.