సంతోషం లెక్క



పోయిన ఆదివారం రాత్రి మనమంతా హాల్లో టీవీలో సినిమా చూశాం. పక్క గదిలో ఏడో తరగతి తమ్ముడు చలిజ్వరంతో పడుకున్నాడు. "అన్నా, కొంచెం సౌండు తగ్గించండి" అని రెండుసార్లు వచ్చి అడిగాడు. "ఒక్కడి కోసం అరవై మంది సంతోషం పాడుచేసుకోవాలా?" అన్నది ఎవరో కాదు, నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు.

నా మాట కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. ఇంగ్లండు తత్వవేత్త జెరెమీ బెంథామ్ (1748-1832) సంతోషమే పరమ లక్ష్యమనీ, ఎక్కువమందికి ఎక్కువ సంతోషం ఇచ్చే పనే మంచి పననీ చెప్పాడు. రాజు సంతోషమైనా కూలివాడి సంతోషమైనా తూకం ఒక్కటే అన్నాడు. జంతువుల బాధను కూడా లెక్కలోకి తీసుకోమన్నాడు. అది గొప్ప మాటే.

అయితే బెంథామ్ తలకాయలు మాత్రమే లెక్కపెట్టమనలేదు. సంతోషం ఎంత గట్టిది, ఎంతసేపుంటుంది, దానిలోంచి బాధ ఎంత తీసెయ్యాలి అని కూడా చూడమన్నాడు. సౌండు తగ్గిస్తే మనకు పోయేది కాస్తే. వాడికి దక్కేది రాత్రంతా నిద్ర. అంటే ఆయన లెక్క ప్రకారమే నేను తప్పాను!

సరే, లెక్క నిజంగా అరవై మంది వైపే తేలిందనుకుందాం. అప్పుడు ఒక్కడి బాధ న్యాయమైపోతుందా? పోలవరం 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ నీళ్ళతో ఎంతోమంది రైతులు బాగుపడతారంటారు, కాదనను. కానీ మునిగే ఊళ్ళలో కోయల, కొండరెడ్ల గూడేలు చాలా ఉన్నాయి. ఆ చెట్టూ, ఆ చేనూ, పెద్దల సమాధులూ ఏ తూకంలో వేస్తాం? బెంథామ్ బాటలో నడిచిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా 1863లో పుస్తకంగా వచ్చిన 'యుటిలిటేరియనిజం'లో చివరి అధ్యాయమంతా న్యాయం గురించే రాయాల్సి వచ్చింది.

నా అభిప్రాయం ఇది. సంతోషం గొప్ప లక్ష్యమే. కానీ ఎవరి దగ్గర్నుంచి తీసేస్తున్నామో వాళ్ళని ముందు అడగాలి. వాళ్ళ మాట విన్నాకే లెక్క వెయ్యాలి. నేను వినలేదు. తమ్ముడికి క్షమాపణ చెప్పుకున్నాను. వాడు నవ్వి, "సినిమా కథేంటన్నా?" అని అడిగాడు. నాకు మరింత సిగ్గేసింది.

వార్డెన్ సారుకి ఒక మనవి: జ్వరం వచ్చినవాళ్ళకి హాలుకు దూరంగా ఒక గది ఇప్పించండి.

మిత్రులారా, మీరేమంటారు? కింద జాగా వదిలాను. పెన్సిలుతోనైనా రాయండి.