పదేళ్ల వీసా, ఆర్నెల్ల ఆరోగ్యం

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ అపార్ట్‌మెంట్లలో నెలల తరబడి తాళం వేసిన ఫ్లాటు కనిపిస్తే ఇంటివాళ్లు ఎక్కడికెళ్లారని వాచ్‌మన్‌ని అడగక్కర్లేదు. కూతురి పురుడుకో, కోడలి పురుడుకో అమెరికా వెళ్లి ఉంటారు. మొదటి ఆర్నెల్లు అమ్మాయి తల్లిదండ్రులు ఉంటారు. వాళ్లు తిరుగు విమానం ఎక్కే వేళకు అబ్బాయి తల్లిదండ్రులు అక్కడ దిగుతారు. ఈ వంతులు వియ్యాలవారు కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నవి కావు, అమెరికాలో దిగినప్పటి ఐ-94 రికార్డు మీద పడే తేదీ పెట్టించినవి. వీసా పదేళ్లకిస్తారు కానీ, ఒక్కో రాకకు ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. హెచ్1బీ మీద ఉన్న కొడుకు భార్యనీ, ఇరవై ఒకటి నిండని పిల్లలనీ హెచ్4 మీద వెంట తెచ్చుకోగలడు. కన్నవాళ్లకు ఆ వరసలో చోటు లేదు. అక్కడి చట్టం లెక్కలో వాళ్లు చుట్టపుచూపుగా వచ్చిన సందర్శకులు, అంతే.

ఆ సందర్శక వీసా కోసం మనవాళ్లు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. డీఎస్-160 దరఖాస్తు నింపించుకోవడానికి ఒక కన్సల్టెన్సీ, స్లాటు కోసం తెల్లవారుజాము దాకా కంప్యూటర్ ముందు జాగారం. వేలిముద్రలకు విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషన్‌లోని కేంద్రానికి ఒక ప్రయాణం. ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు మరొకటి. మధ్యలో చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూటఎనిమిది. 2025 సెప్టెంబర్ 2 నుంచి 79 ఏళ్లు దాటినవారికి ఇంటర్వ్యూ మినహాయింపు కూడా పోయింది కాబట్టి, ఊతకర్రతో నడిచేవాళ్లూ కాన్సులేట్ లైనులో నిలబడాల్సిందే. ఇంత శ్రమా గుమ్మం దాటడానికే. దాటాక ఒంట్లో బాగోకపోతే ఏమిటన్న ప్రశ్న టికెట్ బుక్ అయ్యాక గానీ ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు అక్కడున్న కొడుకు ఆఫీసు పని మధ్య ఒక వెబ్‌సైట్ తెరిచి, వరసలో అన్నిటికన్నా చవగ్గా ఉన్న పాలసీ నొక్కేస్తాడు.

సందర్శక వీసాకు బీమా ఉండాలని అమెరికా అడగదు. పైకి ఇది ఉదారత్వంలా కనిపిస్తుంది. జరిగేది మాత్రం మొత్తం భారం కుటుంబం నెత్తిన పడటం. కొడుకు కంపెనీ ఇచ్చే బీమా భార్యకీ, 26 ఏళ్ల దాకా పిల్లలకీ వర్తిస్తుంది, తల్లిదండ్రులకు మామూలుగా వర్తించదు.

గల్ఫ్‌ది ఇందుకు పూర్తిగా తిరగేసిన పద్ధతి. నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్లే కూలీకి వీసా స్టాంపింగ్ కంటే ముందే మెడికల్ పరీక్ష. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనపడినా ‘అన్‌ఫిట్’ రాసేస్తారు. నిర్దాక్షిణ్యమైన వడపోత అది. కానీ లోపలికి వెళ్లినవాడికి యజమానే బీమా కట్టాలన్న నిబంధన సౌదీలో ఉంది. యూఏఈలో అబుధాబి, దుబాయ్‌లలో ఎప్పటి నుంచో ఉన్నదాన్ని 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్లకూ తెచ్చారు. కెనడా పౌరుల, శాశ్వత నివాసుల తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మరో రకం. ఒక్కో రాకకు ఐదేళ్ల దాకా ఉండొచ్చు, అయితే కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా, ఏడాదికి తగ్గకుండా చూపించాలి. థాయ్‌లాండ్ కూడా 50 దాటిన విశ్రాంత విదేశీయులకిచ్చే ఓ-ఏ వీసాకు 2019 అక్టోబర్ 31 నుంచి బీమా తప్పనిసరి చేసి, తర్వాత ఆ మొత్తాన్ని 30 లక్షల బాట్‌లకు పెంచింది. వయసు మీరిన వాళ్లకు ఏ కంపెనీ పాలసీ రాయకపోయేసరికి, అక్కడి పాశ్చాత్య వృద్ధులు చాలామంది బీమా అడగని మరో తరగతి వీసాలోకి మారిపోయారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కెనడా పద్ధతే నిజాయతీగా అనిపిస్తుంది. ఖర్చెంతో ముందే చెబుతుంది, కట్టలేనివాళ్లు ముందే ఆగిపోతారు. అమెరికాలో ఆ లెక్క ఐసీయూ దగ్గర గానీ తేలదు.

ఇక మన పెద్దాయన చేతిలోని పాలసీని దగ్గరగా చూద్దాం. ‘ఫిక్స్‌డ్ బెనిఫిట్’ రకమైతే గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని ముందే రాసి ఉంటుంది. ఆస్పత్రి ఎంత బిల్లు వేసినా కంపెనీ ఇచ్చేది ఆ రాసినంతే, మిగతాది కొడుకు జేబులోంచి. ప్రీమియం తక్కువ కాబట్టి అమ్ముడయ్యేది ఇదే. ‘కాంప్రిహెన్సివ్’ దీనికంటే చాలా మేలు, కానీ అసలు మెలిక రెండింట్లోనూ ఉంటుంది. ఆయన టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్, తర్వాత మెట్‌ఫార్మిన్, రాత్రికి టెల్మిసార్టాన్ వేసుకుంటాడు. క్లెయిమ్ రోజున ఆ మాత్రల స్ట్రిప్పులే ఆయనకు వ్యతిరేక సాక్షులు. సుగర్, బీపీ ముందునుంచీ ఉన్న జబ్బులు, వాటి వల్ల వచ్చినదేదైనా మాకు సంబంధం లేదంటుంది కంపెనీ. కొన్ని పాలసీలు ఒక సందు వదులుతాయి. పాత జబ్బు హఠాత్తుగా, ఏ సూచనా లేకుండా ముదిరి, 24 గంటల్లోపు వైద్యం అందుకుంటే కొంత ఇస్తామంటాయి. డెబ్బై దాటితే ఆ కొంతా బాగా తగ్గిపోతుంది.

ఆ 24 గంటల షరతు రాసినవాడికి తెలుగు తండ్రి సంగతి తెలియదు. శనివారం రాత్రి ఛాతీలో పట్టేసినట్టుంటే ‘గ్యాస్ అయి ఉంటుంది, పిల్లాడు వారమంతా కష్టపడ్డాడు, ఇప్పుడెందుకు లేపడం’ అని గుప్పెడు వాము నమిలి పడుకుంటాడు. ఆదివారం ఎవరో భోజనానికి వచ్చారని నోరు మెదపడు. సోమవారం పొద్దున అంబులెన్స్ వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అని అడిగిన నర్సుకు ఆయన నిజమే చెబుతాడు, ‘మొన్న రాత్రి’ అని. అది కేస్‌షీట్‌కి ఎక్కుతుంది, అక్కణ్నుంచి కంపెనీకి చేరుతుంది.

వైద్యం అందదన్న భయం మాత్రం అక్కర్లేదు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆస్పత్రులు, దాదాపు అన్నీ, వచ్చినవాళ్లు డబ్బు కట్టగలరా అన్నది చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాల్సిందే. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. అక్కడ లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలి. అడిగితే దరఖాస్తు ఇస్తారు, అర్హతను బట్టి బిల్లు తగ్గిస్తారు. మనవాళ్లు అడగరు. పరువు ఒక కారణం, వీసాకు ఎసరొస్తుందేమోనన్న జంకు మరొకటి. కనీసం పద్దులవారీ బిల్లు అడిగి తీసుకుని చూసుకున్నా, వేయకూడనివి కొన్ని బయటపడతాయి.

ఈ గొడవంతా నడుస్తుండగానే ఐ-94 గడువు తరుముకొస్తుంది. తుంటి విరిగి మంచంలో ఉన్న తల్లికి ఇంకో పది రోజుల్లో గడువు ముగుస్తుందనుకోండి. ఆ తేదీ దాటకముందే డాక్టరు లేఖ జతచేసి గడువు పొడిగించమనే ఐ-539 దరఖాస్తు దాఖలు చేస్తే దాని మీద నిర్ణయం వచ్చేదాకా నిలబడొచ్చు. చేయకపోతే పదేళ్ల వీసా అక్కడికక్కడే చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. ఆస్పత్రికి ఇమిగ్రేషన్ పట్టదు, ఇమిగ్రేషన్‌కు ఆస్పత్రి పట్టదు. మందుల విషయంలోనూ ఇదే తంతు. ఉండటానికి ఆర్నెల్లు ఇస్తారు, వెంట తెచ్చుకునే మందులు మాత్రం సాధారణంగా 90 రోజులకు మించకూడదని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకం. సూట్‌కేసు తెరిచి చూస్తే మనవాళ్లు ఎవరి మాట పాటిస్తున్నారో తెలుస్తుంది.

‘ఏదైనా అయితే ఇంటికొచ్చి ఇక్కడే చూపించుకుంటాం’ అనేది పెద్దల మాట. తప్పేం కాదు, ఎల్‌బీ నగర్ దాకా రోడ్డుకిరువైపులా ఆస్పత్రులే. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయిన స్థలంలో వెయ్యి పడకల ప్రభుత్వ ఆస్పత్రి టిమ్స్‌కు 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన కూడా చేశారు. కానీ పక్షవాతం విమానం టికెట్ దొరికేదాకా ఆగదు. ఆగినా, డాక్టరు ఫిట్ అని రాసివ్వనిదే అలాంటి రోగిని విమానయాన సంస్థ ఎక్కించుకోదు.

గ్రీన్‌కార్డు తెప్పిస్తే పీడ పోతుందని కొందరు అంటారు. పిల్లలు అక్కడి పౌరులైతే తల్లిదండ్రులకు దరఖాస్తు చేయొచ్చు, నిజమే. కానీ ఉద్యోగం చేసి పన్ను కట్టని 65 దాటినవారు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొనుక్కోవాలన్నా గ్రీన్‌కార్డుతో ఐదేళ్లు వరుసగా అక్కడ ఉండి ఉండాలి. 2025 ధరల్లో పార్ట్ ఏకి నెలకు 518 డాలర్ల దాకా, పార్ట్ బీకి 185. ఆ మెడికేర్ కూడా కొత్తపేట ఆస్పత్రి బిల్లుకు మామూలుగా పైసా ఇవ్వదు. పైగా శాశ్వత నివాసానికి వచ్చేవారికి మధుమేహం, గుండెజబ్బు, ఊబకాయం వంటివి ఉంటే వైద్యం ఖర్చు సొంతంగా భరించగలరో లేదో చూడాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 నవంబర్‌లో కాన్సులేట్లకు సూచనలు పంపింది. అరవై దాటిన తెలుగువాళ్లలో ఈ జాబితాకు దొరకనివాళ్లు ఎందరుంటారు?

మన ప్రభుత్వం చేతుల్లోనూ కొంత ఉంది. పదో తరగతి పాసవని కూలీ గల్ఫ్ వెళ్లాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టనిదే కేంద్రం క్లియరెన్స్ ఇవ్వదు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, ప్రమాదంలో మరణిస్తే పది లక్షలు. చిన్నదే అయినా 2003 నుంచి నడుస్తున్న ఏర్పాటు. అమెరికా వెళ్లే పెద్దలను మాత్రం ఉన్నవాళ్లే కదా అని వదిలేశారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో ఆరోగ్య సంజీవని పేరుతో అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాల్సిన పాలసీ తెచ్చింది. అదే తరహాలో అరవై దాటినవారి ఆర్నెల్ల విదేశీ ప్రయాణానికి ఒకటి తేవచ్చు. సుగర్, బీపీ ఉన్నా చెల్లేది, 24 గంటల మెలిక లేనిది. షరతుల సారాంశ పత్రం కోరినవారికి స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఇప్పటికే ఉంది, తెలుగులో అడిగి తీసుకునేవాళ్లే కనపడరు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా కాన్సులేట్ ఉన్న నానక్‌రామ్‌గూడలోనే ఉంది, పెద్దల సంఘాలు వినతిపత్రం పట్టుకుని వెళ్లడానికి పెద్ద దూరమేమీ కాదు. అలాంటి పాలసీకి ప్రీమియం ఇప్పటి చవక పాలసీల కన్నా కచ్చితంగా ఎక్కువే అవుతుంది. డెబ్బై దాటినవారికైతే విమాన టికెట్ ధరతో పోటీ పడినా ఆశ్చర్యం లేదు. ఆ అంకె చూశాక కొన్ని కుటుంబాలు అత్తగారికి బదులు అక్కడే ఆయాను పెట్టుకోవచ్చు, పెట్టుకోనివ్వండి.